రైలుపెట్టె మీద నవ్వు

సింకులో మళ్ళీ అతని కుంచెలే. నీలిరంగు కారి పాలగిన్నెకి అంటుకుంది. పీచుతో రుద్దుతూ ఆమె తనలో తనే నవ్వుకుంది. పెళ్ళయి మూణ్ణెల్లయినా కాలేదు, అతని మరకలు కూడా ముద్దొస్తున్నాయి. "మావాడికి రంగు వెయ్యడమే తెలుసమ్మా, కడగడం తెలీదు" అని అత్తగారు మురిసిపోతూ చెప్పినప్పుడు తనూ నవ్వింది. అతను రైలుపెట్టెల మీద దొంగచాటుగా బొమ్మలేస్తాడని తెలిసే చేసుకుంది. తనేమో రైళ్ళు కడిగే షెడ్డులో సూపర్‌వైజరు. దొంగకీ పోలీసుకీ పెళ్ళని స్నేహితురాళ్ళు ఏడిపించారు. ఆమె షెడ్డుకొచ్చే బళ్ళ జోలికి మాత్రం రానని అతను మాటిచ్చాడు.

ఆ పొద్దున షెడ్డులోకి వచ్చిన బండి మీద తనే ఉంది. ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీ దాకా తన ముఖం. జుట్టు గాలికెగిరి పక్కపెట్టె మీదికి పాకింది. పకపకా నవ్వుతోంది. తను నవ్వితే ఇంత బాగుంటుందా? మాట తప్పాడన్న కోపం రావలసిన చోట సిగ్గు ముంచుకొచ్చింది.

కడిగేవాళ్ళలో పెద్దావిడని అందరూ పిన్నీ అనే పిలుస్తారు. ఆవిడ బొమ్మనీ ఈమెనీ మార్చి మార్చి చూసింది.

"ముక్కు కాస్త పెద్దదయింది గానీ, అచ్చు నువ్వేనమ్మా" అంది. అని, ముఖానికి గుడ్డ కట్టుకుని, రంగు వదలగొట్టే థిన్నర్ డబ్బా అందుకుంది. ఆ వేళ్ళ కొసలు పగిలి ఎర్రగా ఉన్నాయి. తినేటప్పుడు చురుక్కుమంటాయని ఆవిడ ఎప్పుడో అంటే, చేతులకి రాసుకోవడానికి ఏదో క్రీము తెచ్చిచ్చి ఊరుకుంది తను.

అంతలో అతని ఫోను.

"చూశావా? ఫొటో తీసుకో త్వరగా. మీవాళ్ళు ఎలాగూ తుడిచేస్తారుగా."

ఎంత తేలిగ్గా అన్నాడు. ఇంట్లో కుంచెలు కడగడం, ఇక్కడ గోడంత నవ్వుని కడగడం, రెండూ అతనికి వాటంతటవే జరిగిపోయే పనులు. తనకీ నిన్నటిదాకా అంతే కాబోలు.

"పిన్నీ, ఆ డబ్బా కింద పెట్టు" అంది. ఫోనులోకి నెమ్మదిగా చెప్పింది. "చాలా బాగుంది. నన్నింత అందంగా ఎవరూ చూళ్ళేదు. ఇప్పుడు పాత చొక్కా ఒకటి వేసుకుని ఇక్కడికి రా, నా ముఖం కడుగుదువుగాని."

"వస్తే వేసింది నేనేనని తెలిసిపోదూ?"

"తెలియనీ. బొమ్మ బాగుందని నీకే చెబుతారు. చేతులు మండుతున్నాయని కూడా నీకే చెబుతారు."

అవతల బీరువా తలుపు తీసిన చప్పుడు వినిపించింది.