నూకరాజు వీపు మీద నేను

నేను ఒక నొప్పి పట్టీని. బొట్టుబిళ్లల అట్టకన్నా పలచన. నా కడుపులో ఉన్నది నల్లమందుకు వరసైన మందు. ఫ్యాక్టరీలో ముక్కూ మూతీ కట్టుకున్న మనుషులు నన్ను పసిపాపలా పొదివి సంచిలో పెట్టారు. ఆసుపత్రిలో ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇంత ముక్కకి అంత కాపలా ఎందుకా అనుకునేదాన్ని.

నూకరాజు కాకినాడ రేవులో ఐసు దిమ్మలు మోసేవాడు. వెన్నెముకలో క్యాన్సరు. నర్సమ్మ నన్ను అతని వీపున అతికించి, "దీనికి వేడి తగలనివ్వకండమ్మా" అని చెప్పి వెళ్ళింది. మర్నాడు అతను గోడ పట్టుకోకుండా కూర్చుని చేపల పులుసుతో అన్నం తిన్నాడు. వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ అయితే నాకు దండం పెట్టేసింది! అంత నొప్పి నాకు ఎలా లొంగిందో, నాకే ఆశ్చర్యం.

వేడంటే ఎండ అనుకున్నారు పాపం. మనుషులకి ప్రేమ పొంగితే చేతులు ఊరుకోవు కదా. మేనత్త చిట్టెమ్మ వచ్చి, ఉప్పు వేయించి మూటకట్టి, వీపంతా కాపడం పెట్టింది, నామీద కూడా. మూడు రోజులపాటు కొంచెం కొంచెంగా ఇవ్వవలసిన మందు ఆ వేడికి గబగబా అతని ఒంట్లోకి దిగిపోయింది. ఆపడం నావల్ల కాలేదు.

నూకరాజు గురక పెట్టాడు.

"చూశావా వదినా, నా చెయ్యి పడేసరికి ఎలా ఆదమరిచి పడుకున్నాడో!"

"ఆ గురకేంటి చిట్టెమ్మా, అలాగుంది? గొంతులో నీళ్ళు గుడగుడలాడినట్టు..."

"పడుకుంటే భయం, లేస్తే భయం. నీతో వేగలేం తల్లీ. పడుకోనీ వాణ్ణి."

అచ్చియ్యమ్మ వినలేదు. కొడుకు ముక్కు కింద వేలు పెట్టింది. ఒక ఊపిరి తగిలింది. రెండోది ఎంతకీ రాలేదు. "రాజూ! ఒరే రాజూ!" అంటూ చెంపలు కొట్టింది. లేవలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఫోను చేస్తే నర్సమ్మ అరిచింది: "ముందు ఆ పట్టీ పీకెయ్యండి! 108ని పిలవండి!"

అచ్చియ్యమ్మ నన్ను పీకి, డాక్టరుకి చూపించాలని మడిచి గుప్పిట్లో పట్టుకునే ఆసుపత్రికి వచ్చింది. నా మత్తును విరిచే సూది పొడిచారు. కాసేపటికి ఊపిరి చప్పుడు వినబడింది. ఎంత చిన్న చప్పుడు!

అంతలో, నేను అణచిన నొప్పి తిరిగొచ్చి, నూకరాజు కెవ్వుమన్నాడు. "అమ్మా! వీపు! చచ్చిపోతున్నానే!"

ఆ కేక వినబడకుండా చెయ్యడానికే నన్ను పుట్టించారు. అచ్చియ్యమ్మ గుప్పిట విప్పేసింది. నేను చెత్తబుట్టలో పడ్డాను. పైన ఆవిడ ఏడుస్తూ, నవ్వుతూ అంటోంది:

"అరవరా నా తండ్రీ, గట్టిగా అరవరా!"