తిరిగే సోఫా

ఉద్యోగం పోయిన రోజు మా ఆవిడ ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, సొంతంగా కంపెనీ పెడతానంది.

అప్పటిదాకా ఆమె చేసింది వెబ్ హోస్టింగ్ కంపెనీలో. వెబ్‌సైట్లు గాల్లో వేలాడవు. రేయింబవళ్ళు ఆగకుండా నడిచే ఏదో ఒక కంప్యూటర్‌లో ఉంటాయి. అందులో చోటు అద్దెకిచ్చి, అది ఆగిపోకుండా కాపలా కాసేవాళ్ళే హోస్టింగ్ వాళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఈ నాలుగు ముక్కలు నా బుర్రకెక్కించడానికి ఆమె పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. చేతికి గ్రీజు అంటనిదేదీ నాకు పనిలా కనిపించదు.

ఆ కంపెనీలో ఆమె ఏళ్ళ తరబడి ఫోన్లు ఎత్తింది. సైటు తెరుచుకోవడం లేదని కంగారుపడే వాళ్ళను ముందు కాస్త నెమ్మదింపజేసి, తర్వాత సైటును బాగుచేసేది. ఇంతలో ఎవరో పెద్దవాళ్ళు ఆ కంపెనీని కొనేశారు. కొన్న మర్నాడే ఫోన్లు పీకేశారు. ఇకమీదట ఎవరికి ఏ కష్టమొచ్చినా తెరమీద టైపు చేసి పంపుకోవాలి, యంత్రమే జవాబిస్తుంది. మా ఆవిడనూ ఆమె పక్క కుర్చీల వాళ్ళనూ ఇంటికి పంపేశారు. కానీ ఆమె సొంత నంబరు చాలామంది దగ్గర ఉండిపోయింది. బస్సులో వస్తుంటేనే పాత ఖాతాదార్లు ఫోన్లు చేశారట, ఇప్పుడు మేమెవరితో చెప్పుకోవాలమ్మా అని.

"వాళ్ళకి కావాల్సింది చోటు ఒక్కటే కాదండీ. సైటు పడిపోయినప్పుడు ఫోన్ ఎత్తే మనిషి కావాలి. ఆ మనిషిని నేనే కదా," అంది.

అంత తేలిగ్గా అనేసింది. ఆమెతో అన్నేళ్ళు కాపురం చేసినవాణ్ణి కనుక, ఇక వెనక్కి తగ్గదని నాకు అక్కడే తెలిసిపోయింది.

గది మా బావ ఇచ్చాడు. మా అక్క మొగుడు, ఫర్నిచర్ షాపు ఆయనది. ఇచ్చే చెయ్యే గానీ, ఇచ్చిన సంగతి ఊరంతా తెలిస్తే తప్ప ఆ చేతికి నిద్ర పట్టదు. షాపు పైన పరుపులు పేర్చుకునే గది ఒకటి ఉంటే, వాటిని ఓ పక్కకి జరిపించి, "చెల్లెమ్మా, ఇక్కడ కూర్చుని ప్రపంచాన్నేలుకో," అన్నాడు. సైట్లుండే అసలు కంప్యూటర్, అదే సర్వరు, అక్కడ ఉండదు. ఊరి బయట, జనరేటర్లూ కాపలావాళ్ళూ ఉండే పెద్ద భవనంలో మా ఆవిడ ఒక యంత్రాన్ని అద్దెకు తీసుకుంది. దాన్ని భాగాలు చేసి, ఒక్కొక్కరికి ఒక్కో భాగం ఇచ్చింది. మా అమ్మ ఇరుగుపొరుగుతో, "మా కోడలు వాటాలు అద్దెకిస్తుంది. కాకపోతే ఆ వాటాల్లో మనుషులుండరు, గోడకి మేకులు కొట్టరు," అని చెప్పుకునేది.

మా అమ్మ ఆ పనిలోకి అనుకోకుండా వచ్చింది. ఒకరోజు భోజనం డబ్బా తీసుకెళ్తే, మా ఆవిడ రెండు చేతులూ కీబోర్డు మీద ఉన్నాయి, ఫోన్ మోగుతోంది. అమ్మ ఎత్తింది. మీరెవరు, ఎవరి తాలూకు, పిల్లలెందరు అని అంతా కనుక్కున్నాక, ఇంతకీ ఏం కావాలి అని అడిగింది. మర్నాడు అదే మనిషి ఫోన్ చేసి, నిన్న మాట్లాడిన పెద్దావిడ ఉన్నారా అన్నాడు. మా ఆవిడ ఆలోచించి అత్తగారికి మూడు ప్రశ్నలు నేర్పింది: సైటు తెరుచుకోవడం లేదా, మెయిలు వెళ్ళడం లేదా, పాస్‌వర్డ్ మర్చిపోయారా. జవాబును చీటీ మీద రాసి ఇస్తే మిగతాది కోడలు చూసుకుంటుంది. ఆ కుర్చీలో కూర్చున్నాక మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు గుర్తురావడం మానేశాయి.

ఖాతాదార్లు పెరిగారు. రక్తపరీక్షలు చేసే ల్యాబు, సంగీతం టీచరు, అద్దాలు కోసే షాపు, కృత్రిమ కాళ్ళు తయారుచేసే ఒక పెద్దాయన. వీళ్ళందరికంటే ముందే చేరినవాడు మా బావ. తెలిసిన కుర్రవాడెవడితోనో ఆయన తన షాపుకి వెబ్‌సైటు కట్టించుకున్నాడు. దాని మొదటి పేజీలో ఎర్ర సోఫా ఒకటి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. షాపుకొచ్చిన ప్రతివాడికీ ఫోన్ తీసి దాన్ని చూపించేవాడు. "ఇక్కడ కూర్చుంటే కళ్ళు తిరగవా బావా," అని ఒకసారి నోరుజారి, రెండు రోజులు ఆయన మొహం చూడలేకపోయాను.

ఒక ఉదయం ఫోన్లు వరసపెట్టి మోగాయి. అందరిదీ ఒకటే మాట. సైటు బాగానే ఉంది, మెయిళ్ళు మాత్రం పంపినవి పంపినట్టు వెనక్కి వస్తున్నాయి. ల్యాబు నుంచి వెళ్ళాల్సిన రిపోర్టులు డాక్టర్లకు చేరడం లేదు.

మా ఆవిడ యంత్రం లోపల వెతికి వెతికి కారణం పట్టుకుంది. బావ సైటు డిజైను డబ్బు పెట్టి కొన్నది కాదు. ఊరికే దొరుకుతుందని ఆ కుర్రవాడు ఎక్కడో దొంగతనంగా తెచ్చి పెట్టినది. దాన్ని అలా ఉచితంగా ఇంటర్నెట్‌లో వదిలినవాళ్ళు అందులో ఒక కన్నం ఉంచి మరీ వదిలారు. ఆ కన్నంలోంచి ఎవరో దూరి, బావ సైటు నుంచి వేలకొద్దీ చెత్త మెయిళ్ళు పంపిస్తున్నారు. యంత్రం ఒకటే కనుక అందులో ఉన్న అందరి మెయిళ్ళూ ఒకే చిరునామాతో వెళ్తాయి. చెత్త పంపే చిరునామాల జాబితా ఒకటి ఉంటుందట. మాది అందులోకి ఎక్కింది. ఇక అవతలివాళ్ళు మా నుంచి వచ్చిన ఏ మెయిలునూ గుమ్మం తొక్కనివ్వరు.

ఆమె సైటును శుభ్రం చేసి, ఆ సోఫా తిరిగే డిజైనును తీసేసి, మామూలు ఫొటో పెట్టింది. బావకు ఫోన్ చేసి విడమరిచి చెప్పింది. నీ ఇష్టం చెల్లెమ్మా అన్నాడు. జాబితావాళ్ళకు రాస్తే వాళ్ళు మా పేరు కొట్టేశారు. అంతటితో అయిపోయిందనుకున్నాం.

కొన్నాళ్ళకు ఎవరో గిరాకీ షాపుకొచ్చి, మీ సోఫా తిరగడం లేదేమండీ అన్నాడట. బావకు తల తీసేసినట్టయింది. ఆ కుర్రవాణ్ణి పిలిపించి, మళ్ళీ ఆ పాత డిజైనే పెట్టించాడు. సోఫా తిరిగింది. మా చిరునామా మళ్ళీ జాబితాకెక్కింది.

ఈసారి జాబితావాళ్ళు అంత తేలిగ్గా నమ్మలేదు. మూలకారణం ఏమిటి, దాన్ని ఏం చేశారు, మళ్ళీ రాదని ఎలా చెప్తారు అని అడిగారు. మా ఆవిడ ఆ జవాబును పూర్తిగా చదివి, బావ సైటును ఆపేయడానికి సిద్ధపడింది. నేనప్పుడు అక్కడే పరుపుల మీద కూర్చుని ఉన్నాను. ముందు బావతో ఒక మాట చెప్పి చూద్దామన్నాను.

"చెప్పి ఆపినా గొడవే, ఆపి చెప్పినా గొడవే. గొడవ ఎలాగూ తప్పనప్పుడు ముందు జనం మెయిళ్ళు వెళ్ళనివ్వండి," అంది.

ఆపేసింది. ఆ వెంటనే తనే బావకు ఫోన్ చేసి చెప్పింది. మొదట ఆయన వేళాకోళం అనుకుని నవ్వాడు. కాదని తెలిశాక ఫోన్ పెట్టేశాడు.

అసలు ఉరుము మా అమ్మ దగ్గర ఉరిమింది. ఇంటి అల్లుణ్ణి ఒక మాట అనడానికే పదిసార్లు ఆలోచించే మనిషి. ఆయనిచ్చిన గదిలో కూర్చుని ఆయన దుకాణానికే తాళం వేస్తావా, నా కూతురు రేపు ఆ ఇంట్లో ఏ మొహం పెట్టుకుని తిరుగుతుంది అని కోడలి మీద విరుచుకుపడింది. మా ఆవిడ ఎదురు చెప్పలేదు, సైటు తెరవనూ లేదు. ఆనాటి నుంచి అత్తాకోడళ్ళ మధ్య మాటల్లేవు. ఫోన్ మాత్రం అమ్మే ఎత్తేది. "మా కోడలితో నేను మాట్లాడటం లేదు బాబూ, మీ సంగతి చీటీ మీద రాసి పెడతాను," అని ఖాతాదార్లకే చెప్పేది.

అయితే చీటీలు రాయాలంటే వినాలి కదా. ల్యాబు ఆయన చెప్పాడు, రిపోర్టు అందక ఒక ముసలాయన ఆపరేషను వాయిదా పడిందని. కృత్రిమ కాళ్ళ పెద్దాయన చెప్పాడు, ఒక అమ్మాయి కొలతలు ఆసుపత్రి నుంచి రావడమైతే వచ్చాయి గానీ తన జవాబు వాళ్ళకు చేరడం లేదని, ఆ అమ్మాయి రోజూ ఫోన్ చేసి నా కాలు ఎప్పుడొస్తుందని అడుగుతోందని. చివర్లో ఆయన మామూలుగానే, ఇంతకీ ఎవరి వల్ల వచ్చిందమ్మా ఇదంతా అన్నాడట. ఆ మధ్యాహ్నం అమ్మ భోజనం డబ్బా మూత కూడా తీయలేదు.

రెండు రోజుల తర్వాత బావ మెట్లెక్కి వచ్చాడు. వెనకాల అక్క. అక్క కళ్ళు చూస్తేనే తెలుస్తోంది, దారి పొడవునా బతిమాలుకుంటూ వచ్చిందని.

"చెల్లెమ్మా, పెద్ద మాటలు వద్దు. సైటు తెరుస్తావా, గది ఖాళీ చేస్తావా?" అన్నాడు బావ.

"ఆ డిజైను తీసేయండి అన్నయ్యగారూ, డబ్బిచ్చి కొన్నది పెట్టుకోండి. నేనే దగ్గరుండి పెట్టిస్తాను. ఈ పూటే తెరుచుకుంటుంది. ఈ డిజైనుతో మాత్రం తెరవను."

"నా సొంత మనిషివి, నాకే షరతులా?"

"సొంత మనిషని ఊరుకుంటే, రేపు పరాయివాణ్ణి ఏ నోటితో ఆపను?"

మా ఆవిడ గొంతు పెంచలేదు. ఒక చెయ్యి మౌసు మీదే ఉంది. బావ మా అమ్మ వైపు తిరిగి, మీరైనా చెప్పండి అత్తయ్యగారూ అన్నాడు. అమ్మ లేచి నిలబడింది. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. ఒక్క క్షణం బావను చూసి, ఫోన్ ఎత్తింది. ల్యాబు ఆయన.

"లేదు బాబూ, ఇంకా వెళ్ళవు," అంది అమ్మ. "మా అల్లుడుగారి సైటు వల్ల వచ్చింది. అవును, మా సొంత అల్లుడే. మా కోడలు దాన్ని ఆపేసింది. ఆ జాబితావాళ్ళు ఒప్పుకోగానే మీ రిపోర్టులు వెళ్తాయి. ఈసారి మళ్ళీ రాదు, నేను చెప్తున్నాను కదా."

ఫోన్ పెట్టేసింది. బావ మొహం సోఫా రంగుకు తిరిగింది.

"గదిదేముంది అల్లుడుగారూ, మీది, మీరు తీసుకోండి," అంది అమ్మ మెల్లగా. "ఫోన్ మాత్రం మేం పట్టుకెళ్తాం."

ఆ సాయంత్రమే సామాను దించాం. బావ షాపులో కౌంటరు వెనక కూర్చుని తల ఎత్తలేదు. అక్క మాత్రం ఎవరూ చెప్పకుండానే ఒక మానిటరు చంకన పెట్టుకుని మెట్లు దిగింది. ఆటోలో దాన్ని జాగ్రత్తగా పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

నేను లిఫ్టు చూసే ఒక భవనంలో పై అంతస్తున చిన్న గది దొరికింది, లిఫ్టు మోటారుకు సరిగ్గా కింద. లిఫ్టు కదిలినప్పుడల్లా బల్ల వణుకుతుంది. మా ఆవిడ అక్కడ కూర్చుని జాబితావాళ్ళకు జరిగిందంతా దాపరికం లేకుండా రాసింది: ఫలానా సైటు, అది మా ఇంటివాళ్ళదే, మొదటిసారి ఆ డిజైను మళ్ళీ పెట్టే దారి మూయకుండా నేను సగమే బాగుచేశాను, ఇప్పుడు ఆపేశాను. వారం తిరక్కుండానే పేరు కొట్టేశారు. ఆమె ఖాతాదార్లలో ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసి క్షమాపణ అడిగింది. కొందరు అప్పటికే వేరేచోటికి వెళ్ళిపోయారు. సంగీతం టీచరు మంచిగానే మాట్లాడి, నెలాఖరుకు ఆమె కూడా వెళ్ళిపోయింది. మా ఆవిడ ఎవరినీ ఉండమని బతిమాలలేదు. కొత్తగా ఎవరొచ్చినా ముందు వాళ్ళ సైటు లోపల వెతికి చూశాకే చేర్చుకునేది. ఒక సైటు నుంచి గంటకు ఇన్ని మెయిళ్ళకు మించి వెళ్ళకుండా కట్టడి పెట్టింది. దానికి చిరాకుపడి తిరిగిపోయిన వాళ్ళూ ఉన్నారు. పోనివ్వండి అనేది. ల్యాబు ఆయన తన స్నేహితుల ల్యాబుల్ని పంపించాడు. రెండో యంత్రం తీసుకోవాల్సి వచ్చింది.

బావ తన సైటును ఇంకెక్కడికో మార్చుకున్నాడు. అది ఎలా నడుస్తోందో మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు.

చాలా నెలలు గడిచాక ఒక ఉదయం అక్క ఒక్కతే ఆ గదికి వచ్చింది. పిల్లలు బడికెళ్ళాక ఇంట్లో ఊరికే కూర్చోలేకపోతున్నాను, నాకూ ఈ పని నేర్పుతావా అని మరదల్ని అడిగింది. బావను అడిగావా అన్నాను నేను. "చెప్పాను," అంది. అడగడం వేరు, చెప్పడం వేరు అని మా ఇంట్లో అందరం మా ఆవిడను చూసే నేర్చుకున్నాం.

ఇప్పుడు అక్క కొత్త సైట్లను పరీక్షించే పని చూస్తోంది. బావ రోజూ స్కూటరు మీద దింపి వెళ్తాడు, సాయంత్రం వచ్చి కిందే నిలబడతాడు. మొన్న వాన గట్టిగా పట్టుకుంటే తడవలేక పైకి వచ్చాడు. మా ఆవిడ ఎవరితోనో ఫోన్లో ఉంది. మాట పూర్తి చేసి, "రండి అన్నయ్యగారూ, కూర్చోండి," అంది. అమ్మ తువ్వాలు అందించింది. తల తుడుచుకుంటుంటే లిఫ్టు కదిలి బల్ల వణికింది. ఇది ఎప్పుడూ ఇలాగే ఊగుతుందా అన్నాడు బావ. ఊగుతుందన్నాను. అక్క తన పని అయ్యేదాకా లేవలేదు. ఆయన గోడకు ఆనుకుని ఆమె పని చూస్తూ కూర్చున్నాడు.