చింతమానుకు కట్టిన కట్ట

అమరావతి పొలం అమ్మింది కానీ చింతమానును అమ్మలేదు. పుంగనూరు చుట్టూ చేలన్నీ ప్లాట్లవుతున్న రోజులు. కొనడానికొచ్చిన వెంకటేశులుతో ఆమె తెగేసి చెప్పింది.

"మాను ఉండాల. కాయ నాది. ఒప్పుకుంటేనే సంతకం."

వెంకటేశులు ఒప్పుకున్నాడు. ప్లానులో రోడ్డును పక్కకు వంచాడు. కొమ్మల నీడ పడినంత మేరా ఖాళీ నేల వదిలించాడు.

ఆ ఖాళీయే కొంప ముంచింది.

"అంత జాగా ఊరికే యాల ఇడుస్తాడమ్మా?" అన్నాడు రెడ్డెప్ప. చెట్టు కొడుతున్నారని వింటే చాలు, పోయి అడ్డం పడుకునే మనిషి. "జేసీబీ తిరిగేదానికి. రేపు మాను పెరికేసి ఇంకో ప్లాటు ఏస్తాడు, సూస్తా ఉండు."

అమరావతి భయపడింది. భయపడదా మరి? మాట మీద నిలబడిన ప్లాట్ల వ్యాపారిని ఆమె ఎన్నడు చూసింది గనుక!

"ఏం చేద్దామప్పా?"

"మాను సుట్టూ కట్ట కడదాం. రాయి నిలబెట్టి పసుపు పూస్తే ఎవుడు గొడ్డలి ఎత్తుతాడో సూద్దాం."

మా వైపు అదొక పద్ధతి. కోర్టు కాపాడని చెట్టును బొట్టు కాపాడుతుంది. వీధంతా కదిలింది. వదిలిన ఖాళీ మొత్తం నడుమెత్తున మట్టి పోసి, చుట్టూ గోడ కట్టి, బోదె దాకా సిమెంటు పూశారు. వెంకటేశులు పరుగెత్తుకొచ్చాడు.

"మట్టి పొయ్యొద్దమ్మా! బోదె కుళ్లిపోతాదంట. మాను ఏర్లకు గాలి ఆడల్లని ఇంజనీరు చెప్పినాడు."

"మానుకు ఊపిరాడదా? ముందు నీకు ఆడకుండా చేస్తాం, పో!" అన్నాడు రెడ్డెప్ప.

జనం ఈలలు వేశారు. అమరావతీ నవ్వింది. గెలిచామని టెంకాయ కొట్టారు. ఆడవాళ్లు రోజూ బోదె మీద బిందెలతో నీళ్లు పోశారు.

మరుసటి ఏడు కాయ తగ్గింది. ఆ పై ఏడు పైకొమ్మలు చిగురెయ్యలేదు. తరువాత ఒక ఎండాకాలం ఆకు రాలిపోయి, వానలొచ్చినా మళ్లీ రాలేదు.

"మందు పోసినాడు, దొంగ నా బట్ట!" అంటూ రెడ్డెప్ప గునపంతో కట్ట పగలగొట్టాడు. మందు లేదు. తడిమట్టి కింద బెరడు మెత్తగా చేతికి ఊడివచ్చింది. ముక్కు మూసుకోవలసినంత కంపు.

రెడ్డెప్ప గునపం కింద పడేసి వెళ్లిపోయాడు. గోల విని వచ్చి పక్కనే నిలబడిన వెంకటేశులు ఎగతాళి చెయ్యలేదు.

"ఆ పొద్దే గట్టిగా అడ్డం పడుండాల్సిందమ్మా నేను. జనంతో మనకు యాల అని ఊరుకుంటి."

అమరావతి అతని వైపు తిరిగింది.

"ఇంకా యాడన్నా మాన్లు ఇడిసినావా, ప్లాన్లలో?"

"మదనపల్లె రోడ్డులో ఉండాదమ్మా ఒకటి. ఆడా కట్ట కడతాండారు."

ఆమె వెంటనే బయలుదేరింది. అక్కడ మట్టి తట్టలు లేస్తున్నాయి. "పొయ్యొద్దండప్పా! మా మాను ఇట్లే సచ్చిపాయ," అని అరిచింది.

ఒకడు తట్ట దించి ఎగాదిగా చూశాడు. "ఏమ్మా, ఆ యాపారి నీకెంత ఇచ్చినాడు?"

అందరూ నవ్వారు.

అమరావతి వెళ్లి బోదెకు వీపు ఆనించి కూర్చుంది. ఆమె లేస్తుందేమోనని కాసేపు చూశారు. తరువాత అవతలి వైపు నుంచి మట్టి పోయడం మొదలుపెట్టారు.