ఖాళీ సీసా

ఆరో నెలకే మా పాప బరువు ఆసుపత్రి కార్డు మీద పై గీతను కూడా దాటేసింది. నర్సమ్మ తూకం రెండోసారి చూసి, "నెలనెలా బరువు ఎక్కిపోతోంది. ఇలాగే సాగితే పెద్దయ్యాక కూడా తగ్గడం కష్టం కావచ్చమ్మా" అంది. బడిలో నన్ను డ్రమ్ము అని పిలిచేవాళ్లు. ముప్పై నిండకుండానే షుగరు పట్టుకుంది. నా గతి నా పిల్లకు పట్టకూడదని అది కడుపులో పడ్డప్పటి నుంచీ నాకు భయమే.

అందుకే, డబ్బా పాలకు ఒళ్లొస్తుందని విని, తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దన్నాను. రెడీమేడ్ బట్టల వర్క్‌షాపులో మిషను కుడతాను. మధ్యాహ్నం గుడ్డ తాన్ల చాటున కూర్చుని పంపుతో పాలు తీసి, సీసాల్లో ఇంటికి తెస్తాను. మర్నాడు అత్తయ్య పాపకు అవే పడుతుంది. రాత్రి నిద్రలో రొమ్మివ్వడం తప్ప, నేనూ సీసాతోనే పడతాను. ఎంత తాగిందో కంటికి కనపడాలి నాకు. కుట్టుపని వాళ్లం కదా, కొలవనిదే దేన్నీ నమ్మం.

మరి ఈ బరువెక్కడిది? అత్తయ్య చాటుగా డబ్బా పొడి కలుపుతోందని నా అనుమానం. ఇంటికి రాగానే నిలదీశాను.

అత్తయ్య తాపీగా పాపను భుజం మార్చుకుంది. "పొడి నేను ముట్టను కూడా లేదు. సీసా ఖాళీగా కనపడకపోతే ఇల్లు పీకి పందిరేసేది నువ్వు కాదూ? రెండు గుక్కలు మిగిలితే నెత్తురు పారబోసినట్టు ఏడ్చావు. అది వద్దని మొహం తిప్పుకున్నా బుగ్గలు నొక్కి తాగిస్తున్నా. సెలవు రోజు నువ్వు చేసేదీ అదేగా."

ఆసుపత్రి నుంచి బయల్దేరేటప్పుడు నర్సమ్మ చెప్పిన మాట అప్పుడు బుర్రకెక్కింది. "రొమ్ము దగ్గరైతే కడుపు నిండగానే పిల్ల తనే వదిలేస్తుంది. సీసా దగ్గర మనం వదలనివ్వం."

గబగబా చేతులు కడుక్కుని పాపను రొమ్ముకు పట్టాను. కాసేపు తాగింది. వదిలేసి మొహం అటు తిప్పుకుంది. చాలిందో లేదోనని ప్రాణం పీకింది కానీ, ఊరుకున్నాను. గుండీలు పెట్టుకుందామని చెయ్యెత్తాను.

పాప ఆ చేతిని చూసి బిగుసుకుపోయింది. తనంతట తనే ఇటు తిరిగి, కళ్లు గట్టిగా మూసుకుని, నోరు తెరిచింది.