తాతయ్య కాలి దెబ్బ

రెండో ప్రపంచ యుద్ధం మీద నివేదిక రాయాలనీ, ఫోన్లో చూసి రాస్తే సున్నా మార్కులేననీ చరిత్ర టీచరు చెప్పగానే, ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే ఆ పిల్ల ఎగిరి గంతేసింది. తాతయ్య కుంటేది యుద్ధంలో తగిలిన దెబ్బవల్లేనని పుట్టినప్పటి నుంచీ వింటోంది మరి!

సాయంత్రం కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టుకుని తాతయ్య అందుకున్నాడు. ఫిరంగులు పేలాయి, విమానాలు కూలాయి. పిడుగు పాఠ్యపుస్తకం తిరగేసి, వేళ్లమీద లెక్కేసి, పెన్ను కింద పెట్టేసింది.

"తాతయ్యా, యుద్ధం అయిపోయేసరికి నీకు ఏడేళ్లే కదా! నిన్ను సైన్యంలో ఎవరు చేర్చుకున్నారు?"

వంటింట్లోంచి నానమ్మ పకపకా నవ్వింది.

"సైన్యమా, నా మొహమా! యుద్ధం అయిపోయిందని రేడియోలో చెప్పారట. ఆ కబురు అందరికంటే ముందు తనే చెప్పాలని మీ తాతయ్య డాబా ఎక్కి, అరుస్తూ గెంతుతూ కిందపడ్డారు. మా అత్తగారు చెప్పి చెప్పి నవ్వేవారు."

"ఎలా పడితేనేం, యుద్ధం వల్లే కదా పడ్డాను!" అని తాతయ్య ఉడుక్కున్నాడు.

ఇలాంటి ముక్క ఏ పుస్తకంలోనూ లేదని మురిసిపోతూ పిడుగు గబగబా రాసేసింది.

"ఇంతకీ నన్ను వీరుడని రాశావా, లేదా?" తాతయ్య తొంగి చూశాడు.

చివరి వాక్యం పిడుగు పైకి చదివింది: "యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ల లెక్క పుస్తకాల్లో ఉంది. యుద్ధం ఆగిపోయిందన్న సంతోషంలో దెబ్బతిన్నాయన మా ఇంట్లో ఉన్నాడు."