పెళ్లిచీర రెక్కలు

బెజవాడలో రేడియోలు బాగుచేసే శౌరయ్య, తన చేత్తో కట్టిన బుల్లి విమానాన్ని కంకిపాడు తెచ్చి బావమరిది అంతోని కళ్లంలో పెట్టాడు. దాని ఒళ్లంతా కొండపల్లి బొమ్మలు చేసే తేలికైన పొణికి చెక్క. రెక్కల మీద బిగించింది మాత్రం భార్య మార్త పెళ్లినాటి తెల్ల పట్టుచీర. తను చనిపోయినప్పుడు తనతోపాటు శవపెట్టెలో పెట్టమని ఇన్నేళ్లూ దాచుకున్న చీరను, అతను అడక్కుండానే తెచ్చి ఇచ్చింది. విమానం కూలితే ఆ చీర మళ్లీ రాదు. అందుకే శౌరయ్య ప్రతి మరనూ మరోసారి బిగించి చూసుకున్నాడు.

తూర్పారబడుతున్న అంతోని చేట దించాడు. "ఐదో తరగతి గట్టెక్కనోడివి, నీకు విమానాలెందుకు బావా?"

"ఎగతాళి తర్వాత చేద్దువుగానీ, ఓ చేటెడు పొల్లు పొయ్యి."

"దిష్టి తియ్యాలా?"

"గాలెటుందో చూడాలిరా!"

పొల్లు పడమటికి కొట్టుకుపోయింది. శౌరయ్య విమానాన్ని గాలికెదురుగా తూర్పుముఖంగా పెట్టి ఇంజను స్టార్టు చేశాడు. దాన్ని దూరంనుంచి నడిపే రేడియో పెట్టె మెళ్లో వేసుకుని, మీట మెల్లగా లాగాడు. అది గంతులేసుకుంటూ పోయి, ఇక గడ్డివామిని గుద్దుతుందనగా లేచింది. పక్కనే నిలబడ్డ మార్త సిలువ వేసుకుంది. విమానం కాలవమీద ఓ చుట్టు చుట్టి, ఎండలో తెల్లగా మెరుస్తూ వచ్చి కళ్లంలో కొంగలా వాలింది. చీరకు ఒక్క చిరుగు లేదు.

"ఎవరిదయ్యా ఆ విమానం?" గట్టుమీంచి కూలీలు కేకేశారు.

"మా బావది!" అంతోని ఛాతీ విరిచాడు.

"మా ఇద్దరిదీ," అంది మార్త. రెక్కమీది పొట్టు కొంగుతో తుడిచి, మొగుడి వంక తిరిగింది. "ఇంకోసారి లేపండి. ఈసారి ఇంకాస్త పైకి."