రెండు పేర్ల మాత్ర

దుకాణాలకు బోర్డులు రాసే ఆయన్ని వీధిలో అందరూ అక్షరాల బాబాయి అనేవారు. అచ్చు బోర్డులు వచ్చి ఏళ్లు గడిచినా చేతిరాతే కావాలని పట్టుబట్టేవాళ్లు ఇంకా కొందరుండేవారు. ఆయన పెట్టిన తలకట్టు చూస్తే కళ్లకద్దుకోవాలనిపిస్తుందని వాళ్ల మాట.

ఆయనకు అరవైకి రెండేళ్లు తక్కువ. ఆరు నెలల కిందట పన్ను పీకించుకుందామని వెళ్తే, ముందుగా బీపీ చూసిన డాక్టరు పన్ను సంగతి పక్కనపెట్టి పెద్దాసుపత్రికి పంపాడు. అప్పట్నుంచి రోజుకో పసుపు మాత్ర. పొద్దున్నే కాఫీ కంటే ముందు భార్య దాన్ని ఆయన అరచేతిలో పెట్టేది, ఆయన కిక్కురుమనకుండా మింగేవాడు. బీపీ దారికొచ్చింది.

మూడు వారాల కిందట మళ్లీ చూపించుకోవడానికి ఇద్దరూ వెళ్లారు. రోజూ చూసే డాక్టరు సెలవులో ఉన్నాడు. ఆయన బదులు కూర్చున్నాయన బయట జనాన్ని చూసి గబగబా చీటీ రాసిచ్చాడు. మందుల కిటికీలో ఇచ్చిన అట్ట రంగు వేరు, పేరు వేరు, మాత్ర తెల్లగా ఉంది.

"ఇదేదో కొత్తది కలిపినట్టున్నారండీ" అంది భార్య.

పాత మాత్రలు ఇంట్లో ఇంకా రెండు అట్టలున్నాయి. మర్నాటి నుంచి ఆయన అరచేతిలో పసుపు మాత్ర, తెల్ల మాత్ర పక్కపక్కన చేరాయి.

వారం తిరక్కుండానే తేడా తెలిసింది. కూర్చుని లేస్తే కళ్లు బైర్లు కమ్మేవి. సాయంత్రానికి చీలమండలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఈ వయసులోనే ఆయన తండ్రికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. తన వంతు వచ్చిందనుకున్నాడు. భార్య పెరట్లో ఉన్నప్పుడు పాత పేపరు మీద అక్షరాలు రాసి, చెయ్యి వణుకుతోందేమోనని చూసుకునేవాడు. చెయ్యి బాగానే ఉండేది. భయం మాత్రం తగ్గేది కాదు.

ఆ రోజు పని కొత్తగా తెరవబోయే మందుల షాపులో. షాపు పెట్టిన అమ్మాయి మందుల చదువు చదువుకుంది. లోపల అరల్లో డబ్బాలు సర్దుకుంటోంది. ఆయన నిచ్చెన మీద ఆరో మెట్టెక్కి 'మందుల' అన్నంతవరకూ రాశాడు. 'షా' దగ్గర కుంచె ఆగిపోయింది. బోర్డు, వీధి, ఎదుటి మేడ అన్నీ గిర్రున తిరిగాయి. నిచ్చెనను రెండు చేతులా వాటేసుకున్నాడు. రంగు డబ్బా దభాలున కిందపడి గడపంతా నీలమైపోయింది.

చప్పుడుకు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "కళ్లు మూసుకోకండి బాబాయి. నేను పట్టుకున్నా. ఒక్కో మెట్టు... అదీ, అంతే" అంటూ కిందికి దించి కుర్చీలో కూర్చోబెట్టింది. సరిగ్గా అప్పుడే భోజనం క్యారియర్‌తో వచ్చిన భార్య, గడప మీద రంగునూ మొగుణ్నీ చూసి క్యారియర్ అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

అమ్మాయి బీపీ చూసింది. "తొంభై నాలుగే ఉంది! ఇంత తక్కువేంటి? పిన్నీ, ఈయనేం మందులు వాడుతున్నారు?"

"రోజుకి రెండమ్మా. బీపీకే."

"ఇల్లు దగ్గరేనా? ఉన్న మందులన్నీ తెచ్చెయ్యండి. ఒక్కటీ వదలొద్దు."

రెండు వీధుల అవతలి ఇంటికి ఆమె వెళ్లి వచ్చేసరికి కాలికి చెప్పు ఒకటే ఉంది. రెండోది ఎక్కడ జారిందో ఆమెకే తెలియదు. సంచి బల్ల మీద బోర్లించింది.

అమ్మాయి రెండు అట్టలూ పక్కపక్కన పెట్టింది. "బాబాయి, పైన పెద్దక్షరాల్లో ఉన్నది కంపెనీవాళ్లు పెట్టుకున్న పేరు. దాని కింద చిన్నగా ఉన్నదే అసలు మందు పేరు. ఓసారి చదవండి."

జీవితమంతా అక్షరాలతో గడిపినాయన కళ్లద్దాలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ ఒకటి చదివాడు. రెండోది చదివాడు. మళ్లీ మొదటిదానికి వచ్చాడు.

"రెండూ ఒకటేగా!"

"ఒకటే. ఒకే మందు, రెండు కంపెనీలు. మూడు వారాలుగా మీరు రెట్టింపు మింగుతున్నారు. ఆ తిరుగుడూ ఈ కాళ్ల వాపూ దానివల్లే అయ్యుండాలి."

భార్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నా చేతుల్తో నేనే పెట్టానమ్మా. రోజూ నేనే..."

"పిన్నీ, అట్ట మారితే చెప్పాల్సింది వాళ్లు. మీరేం చేస్తారు?"

"ఊరుకోవే" అన్నాడాయన. "నువ్వు పెట్టింది మందే కదా, కాస్త ఎక్కువ పెట్టావు. అన్నం దగ్గర మాత్రం చాలంటే ఆగుతావా?"

ఏడవబోతున్న మనిషి ఫక్కున నవ్వేసి, ఆ తర్వాత మరింత ఏడ్చింది.

"అయితే ఈ పీడంతా ఎందుకు తల్లీ? రెండూ మానేస్తే పోలా?" అన్నాడాయన అమ్మాయితో.

"అమ్మో, ఆ పని చెయ్యకండి! సొంతంగా మానేస్తే బీపీ మళ్లీ ఎగబాకుతుంది. ఏది ఉంచాలో, ఎంత వేసుకోవాలో డాక్టరు చెప్పాలి." అక్కడికక్కడే ఆసుపత్రికి ఫోన్ చేసింది. సెలవు నుంచి వచ్చిన పాత డాక్టరు వెంటనే తీసుకురమ్మన్నాడు.

అక్కడ గుండె పరీక్ష చేశారు, రక్తం తీశారు. చేతులూ కాళ్లూ లేపించి, నడిపించి చూశారు. అంతా అయ్యాక డాక్టరు కాగితాలు బల్ల మీద పెట్టాడు.

"గుండె బాగుంది. పక్షవాతం లక్షణాలేవీ లేవు. రేపట్నుంచి తెల్లదొక్కటే, పసుపుది నాకిచ్చెయ్యండి. లేచేటప్పుడు నెమ్మదిగా లేవండి. మళ్లీ నేను చూసేదాకా నిచ్చెన ఎక్కొద్దు. ఇకమీదట ఏ డాక్టరు దగ్గరికెళ్లినా మందుల సంచి మొత్తం పట్టుకెళ్లండి. కొత్త అట్ట ఇస్తే, పాతది ఉంచాలా మానాలా అని అడగండి. అడిగితే ఎవరూ కొట్టరు."

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాక ఆయన, తండ్రిలాగే తన చెయ్యీ పడిపోతుందని భయపడ్డ సంగతి చెప్పాడు. పేపరు మీద రాసి చూసుకోవడం కూడా చెప్పాడు. భార్య ఆయన కుడిచెయ్యిని తన చేతుల్లోకి తీసుకుంది.

"మూడు వారాలు ఒక్కరే మోశారా? నేనేమో పక్కనే గురకపెట్టి నిద్రపోయాను."

"గురక పెడతానని ఒప్పుకున్నావు. అది చాలు."

ఆమె మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. ఆయన గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలాడు. ఎన్నాళ్లకో ఊపిరి హాయిగా ఆడినట్టనిపించింది.

పది రోజులకు వాపు తగ్గింది, బీపీ ఉండాల్సిన చోటికి వచ్చింది. ఇక నిచ్చెన ఎక్కొచ్చని డాక్టరు సరేనన్నాడు. తిరుగుదారిలో రిక్షా మాట్లాడదామని భార్య అంటే ఆయన వినలేదు. పార్కు చుట్టూ తిరిగే దూరపు దారి పట్టాడు. చేతులూపుకుంటూ అల్లంత ముందు పోతుంటే వెనకనుంచి ఆమె కేకేసింది.

"ఏవండీ, కాస్త మెల్లగా! నేనూ వస్తున్నా."

ఆయన ఆగి, ఆమె వచ్చేదాకా నవ్వుతూ నిలబడ్డాడు.